ఒక్క చేతిలో అధికారం: మన మెట్టనేల నేర్పిన పాఠం

మా కళ్యాణదుర్గం బస్టాండు పక్కన టీ కొట్టులో ఈ మధ్య ఒక పెద్దాయనతో నాకు చిన్న వాదం జరిగింది. వేరుశనగ విత్తి, వాన కోసం ఎదురుచూస్తున్న రోజులవి. ఆకాశం వైపు చూసీ చూసీ విసిగిపోయిన ఆయన చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టి, "ఏమప్పా, సదువుకుంటాండావు గదా, చెప్పు. ఈ దేశానికి ఇంతమంది ఎందుకు? మంత్రులు, ఎమ్మెల్యేలు, కమిటీలు! గట్టోడు ఒగడుంటే సాలదా? వాడు చెప్పల్ల, అందరూ చెయ్యల్ల. అప్పుడుగానీ మన చేన్లకు నీళ్ళు రావు" అన్నాడు.

"అట్ల కాదు చిన్నాయనా" అన్నానే గానీ, ఎట్ల కాదో చెప్పలేకపోయాను. ఇంతలో అనంతపురం బస్సు వచ్చింది. ఆయన మాట మాత్రం దారి పొడుగునా నన్ను వదలలేదు. రాజనీతి శాస్త్రం చదివే విద్యార్థిని అయివుండీ ఒక రైతు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేకపోవడం సిగ్గనిపించింది. ఆ జవాబు కోసం తర్వాత పుస్తకాలు తిరగేశాను. విచిత్రమేమంటే, అది చాలావరకు మన జిల్లా చరిత్రలోనే దొరికింది. దానినే సోదర విద్యార్థుల ముందు పెడుతున్నాను.

ప్రశ్న ఏమిటి?

ముందుగా ప్రశ్నను సరిగ్గా అర్థం చేసుకోవాలి. ప్రభుత్వం చేసే పనులు మూడు: చట్టం చెయ్యడం, చేసిన చట్టాన్ని అమలు జరపడం, తగవు వస్తే తీర్పు చెప్పడం. వీటిలో రెండోదాన్ని కార్యనిర్వాహకాధికారం అంటాం. పోలీసు, ఖజానా, రేషను, చెరువు మరమ్మతు, కరువు పనులు అన్నీ దీని కిందికే వస్తాయి. పేదవాడికి ప్రభుత్వం అంటే కనిపించేది ఇదే. ఈ అధికారం ఒక్క నాయకుడి చేతిలో ఉండాలా, పదిమంది కలిసి బాధ్యత వహించే మంత్రివర్గం చేతిలో ఉండాలా అన్నదే ప్రశ్న.

పెద్దాయన మాటను తీసిపారెయ్యడానికి వీల్లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని నేల మనది. అదను దాటితే విత్తనం వృథా. అట్లాంటి చోట పుట్టినవాడికి నిర్ణయాలు నాన్చే ప్రభుత్వం మీద కోపం రావడం సహజం. పది సంతకాలు కావలసిన ఫైలు కదిలేసరికి చేను ఎండిపోతుంది. "ఒక్కడు చాలు" అనే కోరిక బానిస బుద్ధిలోంచి పుట్టింది కాదు, ఎదురుచూసి అలిసిపోవడంలోంచి పుట్టింది. ఈ సంగతి మరిచిపోయి ప్రజాస్వామ్యం గురించి ఉపన్యాసాలు దంచితే ఎవరూ వినరు.

నీరుగంటి ఒక్కడే

నిజం చెప్పాలంటే మన పల్లెల్లో ఒక్కడి చేతిలో అధికారం ఉండటం కొత్త కాదు. చెరువు కింద నీరు పంచే నీరుగంటి ఒక్కడే. తూము ఎత్తేదీ దించేదీ అతనే. ఎంత పెద్ద రైతైనా తనంతట తాను తూము ముట్టుకోకూడదు. ముట్టుకుంటే రోజూ కొట్లాటే గదా! కాబట్టి పని జరిపే చెయ్యి ఒక్కటే ఉండటంలో తప్పులేదు. కొన్ని పనులకు అదే మేలు కూడా.

అయితే ఆ నీరుగంటిని మూడు కట్లు కట్టి ఉంచేవారు. ఏ మడికి ముందు, ఏ మడికి వెనుక అనే వరస అతను పెట్టింది కాదు, ఆయకట్టు రైతులందరూ ఎరిగినది. చెరువులో నీళ్ళు తగ్గిన ఏడు ఎన్ని మళ్ళు సాగుచెయ్యాలో రైతులు కూర్చుని తేల్చుకునేవారు. రెండోది, నీళ్ళు ఎటు పోతున్నాయో అందరి కళ్ళకూ కనిపించేది. మూడోది, కోతల కాలంలో అతనికి గింజలు కొలిచేది ఆ రైతులే. పక్షపాతం చేసినవాడు మర్నాడు వాళ్ళ మొహం చూడాలి. నియమం తనది కాదు, పని దాపరికంగా జరగదు, అడిగేవాడు ఎదురుగా ఉన్నాడు. ఈ మూడు కట్లూ ఉన్నంతవరకు ఒక్కడైనా భయం లేదు. అవి తెంచుకున్న ఒక్కడు వస్తే ఏమవుతుందో చరిత్ర చెబుతుంది.

మంచి దొర వచ్చాడు, వెళ్ళిపోయాడు

1800లో నిజాం మన ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. దత్తమండలాలు అనే పేరు అప్పుడే వచ్చింది. అప్పటికి ఈ మండలాల్లో సుమారు 80 మంది పాళెగాళ్ళు ఉండేవారు. మా కళ్యాణదుర్గం కూడా కళ్యాణప్ప అనే పాళెగాడి పేరుమీద వెలిసిందంటారు. 1800 నుంచి 1807 వరకు ఈ మండలాలన్నిటికీ ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాళెగాళ్ళను అణచివేశాడు. గ్రామాలు కొలిపించి రైతుతో నేరుగా పన్ను ఒప్పందం చేసుకునే రైత్వారీ పద్ధతిని పెట్టాడు. ఒక్క మనిషి, ఒక్క సంకల్పం. పెద్దాయన కోరుకున్న 'గట్టోడు' అంటే ఇతనే అనుకోవచ్చు. అతని పేరు పిల్లలకు 'మన్రోలప్ప' అని పెట్టుకున్నారంటే జనం అతన్ని ఎంతగా నమ్మారో ఊహించవచ్చు.

కథ అక్కడ ఆగితే బాగుండేది. పన్ను భారం ఎక్కువగా ఉందని గ్రహించి మన్రో 1807లో నాలుగోవంతు తగ్గించాలని సిఫారసు చేశాడు. పైవాళ్ళు వినలేదు. అతను సెలవు మీద ఇంగ్లండు వెళ్ళగానే రైత్వారీనే ఎత్తివేసి గ్రామాలను గుత్తకిచ్చారు. మొదట మూడేళ్ళ గుత్త, తర్వాత పదేళ్ళ గుత్త. గుత్తదారులు మునిగారు, వాళ్ళకింద రైతులూ మునిగారు. 1820లో అదే మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చినప్పుడుగానీ రైత్వారీ మళ్ళీ రాలేదు. 1827 జూలై 6న పత్తికొండలో అతను కలరాతో చనిపోయాడు, గుత్తిలో పూడ్చారు.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. మన్రో రావడంలో రైతు ప్రమేయం లేదు. పోవడంలోనూ లేదు. మేలు పైనుంచి వచ్చింది, కీడూ పైనుంచే వచ్చింది, వానా ఎండా వచ్చినట్టు. ఒక్క మనిషి మంచితనం మీద కట్టిన ఇల్లు ఆ మనిషి బదిలీ అయిన రోజునే కూలిపోతుంది. మన్రో మీద నాకు గౌరవం ఉంది. కానీ పన్ను చాలా ఎక్కువైందని చెప్పే శక్తి అతనితోపాటు రైతుకు కూడా ఉండివుంటే ఆ 13 ఏళ్ళ గుత్త బాధ అంత సులభంగా వచ్చేది కాదేమో!

ధాత కరువు

ఇక అడిగేవాడు లేని అధికారం ఎంత దూరం పోగలదో 1876–78 నాటి కరువు చూపించింది. మన పెద్దలు ధాత కరువు అన్నది దానినే. 1882లో అనంతపురం వేరే జిల్లా అయ్యేవరకు ఈ సీమ బళ్ళారి జిల్లాలో ఉండేది. కరువు అత్యంత దారుణంగా పట్టిన జిల్లాల్లో బళ్ళారి ఒకటి. ఇక్కడ పశువులూ మనుషులూ రాలిపోతుండగా 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటిస్తూ వైస్రాయి లార్డ్ లిట్టన్ మహాదర్బారు జరిపాడు. ధాన్యం వ్యాపారంలో ప్రభుత్వం జోక్యం చేసుకోకూడదన్నది ఆయన సిద్ధాంతం. ఖర్చు తగ్గించమని ఆయన పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని పెద్ద మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యమూ దానిమీద కొద్దిపాటి డబ్బూ అనే లెక్కకు దించాడు. ఒక పౌను అంటే అరకిలో కన్నా తక్కువ. రోజంతా రాళ్ళు కొట్టే మనిషికి అది ఏ మూలకు?

ఆ కూలితో మనిషి బతకడని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు. మద్రాసు ప్రభుత్వం కొన్ని నెలల తర్వాత కూలి పెంచింది. ఈలోగా పోయినవాళ్ళు పోయారు. లిట్టన్ క్రూరుడా, మూర్ఖుడా అన్నది ఇక్కడ అప్రస్తుతం. తన సిద్ధాంతం తప్పని ఆయనకు తెలియజెప్పగల ఓటు గానీ, ప్రశ్నించగల సభ గానీ ఈ నేలమీద లేకపోయింది. గంజికేంద్రం ముందు నిలబడినవాడి ఆకలి ఢిల్లీ దర్బారుకు వినపడే దారి లేదు. ఒక్క చేతిలో అధికారం చేరినప్పుడు జరిగే మొదటి నష్టం ఇదే: పైవాడికి నిజం తెలియడం మానేస్తుంది.

రాజ్యాంగం ఎంచుకున్న దారి

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగ సభలో ఈ ప్రశ్న సూటిగానే వచ్చింది. 1948 నవంబరు 4న ముసాయిదాను ప్రవేశపెడుతూ డాక్టర్ అంబేద్కర్ చెప్పిన భావం ఇది. ప్రజాస్వామ్యంలో కార్యనిర్వాహకవర్గానికి స్థిరత్వమూ కావాలి, బాధ్యతా కావాలి. రెండూ సమానంగా ఇచ్చే పద్ధతి ఇంతవరకు దొరకలేదు. అమెరికా అధ్యక్ష పద్ధతిలో స్థిరత్వం ఎక్కువ. బ్రిటిషు మంత్రివర్గ పద్ధతిలో బాధ్యత ఎక్కువ. అక్కడ ప్రభుత్వాన్ని ఎన్నికలప్పుడే కాకుండా ప్రశ్నల ద్వారా, అవిశ్వాస తీర్మానాల ద్వారా రోజూ తూచవచ్చు. మన ముసాయిదా బాధ్యత వైపు మొగ్గింది. అందుకే 53వ అధికరణం కార్యనిర్వాహకాధికారాన్ని రాష్ట్రపతి పేర ఉంచినా, 74వ అధికరణం మంత్రిమండలి సలహాను పెట్టింది. ఆ మంత్రిమండలి అంతా కలిసి లోక్‌సభకు జవాబుదారీ అని 75వ అధికరణం చెప్పింది.

కాగితం మీద కట్లు ఉన్నంత మాత్రాన సరిపోదని 1975 నేర్పింది. ఆ ఏడు జూన్ 25 రాత్రి ప్రధాని ఇందిరాగాంధీ సలహా మీద రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహమ్మద్ అత్యవసర పరిస్థితి ప్రకటన మీద సంతకం చేశారు. మంత్రివర్గానికి ఆ సంగతి తెలిసింది మర్నాడు ఉదయం! పత్రికలకు సెన్సారు పడింది, ప్రతిపక్ష నాయకులు జైళ్ళకు పోయారు. 1976లో 42వ సవరణ లోక్‌సభ గడువును ఆరేళ్ళకు పెంచింది. రైళ్ళు టైముకు నడిచాయని అప్పటివాళ్ళు కొందరు ఇప్పటికీ చెబుతారు. కావచ్చు. కానీ బలవంతపు కుటుంబ నియంత్రణ గురించి, కూల్చిన గుడిసెల గురించి పేపర్లో రాసే వీలు లేనప్పుడు పైవాళ్ళకు నిజం చెప్పేదెవరు? ధాత కరువు నాటి జబ్బే మళ్ళీ వచ్చింది.

మన జిల్లా మనిషి సంతకం

ఆ తర్వాతి కథలో మన జిల్లా మనిషి ఒకరున్నారు. ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు 1956లో ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి. రెండోసారి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు కర్నూలు బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల కారణంగా 1964లో తానుగా పదవి వదిలారు. 1977 లోక్‌సభ ఎన్నికల్లో రాష్ట్రంలోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు పోగా, నంద్యాలలో జనతా పార్టీ తరఫున గెలిచినవారు ఆయనొక్కరే. అదే ఏడు పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు.

1979 ఏప్రిల్ 30న 44వ సవరణకు రాష్ట్రపతిగా ఆయన ఆమోదం లభించింది. ఇకమీదట మంత్రివర్గం రాతపూర్వకంగా చెబితేగానీ రాష్ట్రపతి అత్యవసర పరిస్థితి ప్రకటించకూడదు. 'అంతర్గత కల్లోలం' అనే సాగదీయగల మాట పోయి 'సాయుధ తిరుగుబాటు' వచ్చింది. లోక్‌సభ గడువు మళ్ళీ ఐదేళ్ళయింది. తెగిన కట్టును తిరిగి కట్టడమంటే ఇదే.

మనవాడు గదా అని పొగడటానికి ఇదంతా చెప్పడం లేదు. అదే ఏడు ఆగస్టులో చరణ్‌సింగ్ లోక్‌సభను ఎదుర్కోకుండానే రాజీనామా చేస్తే, జగ్జీవన్‌రాంకు అవకాశం ఇవ్వకుండా సంజీవరెడ్డి గారు సభను రద్దుచేశారు. అది న్యాయమా కాదా అని నేటికీ వాదిస్తారు. నాకు తోచేది ఒక్కటే. ఎంత అనుభవజ్ఞుడికైనా ఒంటరిగా నిర్ణయించే సందర్భాలు ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది.

హైదరాబాదులో

ఇక రాష్ట్రం సంగతి. 1978 ఎన్నికల నుంచి 1983 ఎన్నికల దాకా ఐదేళ్ళలో మనకు నలుగురు ముఖ్యమంత్రులు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఈ మార్పుల వెనుక మాట ఢిల్లీది. దాని మీద కోపమే 1982 మార్చి 29న పుట్టిన తెలుగుదేశాన్ని 1983 జనవరిలో గద్దె ఎక్కించింది. 1984 ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ ఎన్.టి. రామారావును బర్తరఫ్ చేశాడు. శాసనసభలో బలం చూపించే అవకాశం ఆయనకు ఇవ్వలేదు. జనం రోడ్డెక్కారు. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న, ఆయన తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. ఎవరి బలమెంతో తేలవలసింది రాజభవన్‌లో కాదు, సభలోనే అని 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

అదే రామారావు గారి పాలనలో ఇంకో ముఖం కూడా ఉంది. 1984లో వంశపారంపర్యపు కరణం, మునసబు పదవులను ఒక్క దెబ్బతో తీసేశారు. గట్టి నాయకుడు చెయ్యగల మేలుకు అది ఉదాహరణ. పల్లెలో కొద్దిమంది గుప్పిట్లో ఉన్న దస్త్రం బయటపడింది. 1985లో శాసనమండలిని రద్దుచేశారు. 1989లో బడ్జెట్ వివరాలు ముందే బయటికి పొక్కాయని మంత్రులందరినీ ఒకేసారి తొలగించారు. ఆ ఏడు ఎన్నికల్లో ఓడిపోయారు. 1994లో మళ్ళీ ఘనవిజయం సాధించారు గానీ, తొమ్మిది నెలలు తిరగకముందే, 1995లో, సొంత ఎమ్మెల్యేలే ఆయనను వదిలివెళ్ళారు. ఢిల్లీలో అధికారం పోగుపడితే ఎంత బాధో తెలిసిన మనిషే హైదరాబాదులో దాన్ని తన చుట్టూ పోగుచేసుకున్నారు. ఇది ఒక పార్టీ తప్పు కాదు. కుర్చీ స్వభావమే అంత.

పొరుగు దేశపు ఎరువుల కథ

రైతుకు వెంటనే అర్థమయ్యే ఉదాహరణ మన పొరుగునే ఉంది. శ్రీలంక 1978 రాజ్యాంగంతో విశేషాధికారాలు గల అధ్యక్ష పదవి పెట్టుకుంది. 2020లో 20వ సవరణతో ఆ అధికారాలు మరింత పెరిగాయి. 2021లో అధ్యక్షుడు గోటబయ రాజపక్స రసాయనిక ఎరువుల దిగుమతిని ఉన్నట్టుండి నిషేధించారు. సేంద్రియ సాగు మంచి ఆశయమే, కాదనను. కానీ ఏళ్ళమీద చెయ్యవలసిన మార్పును ఒక్క ఉత్తర్వుతో చేస్తే ఏమవుతుంది? వ్యవసాయ శాస్త్రవేత్తలు హెచ్చరించారు, రైతులు మొత్తుకున్నారు. వరి దిగుబడి పడిపోయింది, తేయాకు దెబ్బతింది. నవంబరులో నిషేధం ఎత్తేశారు గానీ అదను దాటిపోయింది. అప్పటికే అప్పుల్లో మునిగిన దేశం 2022లో దివాలా తీసింది. జూలైలో ఆయన దేశం విడిచి వెళ్ళి రాజీనామా పంపారు. అదే ఏడు అక్టోబరులో 21వ సవరణతో అధ్యక్షుడి అధికారాలు కొన్ని తగ్గించారు.

నిర్ణయం ఆలస్యమైతే చేను ఎండుతుందన్న పెద్దాయన మాట నిజం. నిర్ణయం తప్పయితే దేశంలోని చేన్లన్నీ ఒకేసారి ఎండుతాయి. పెద్దాయనకు చెప్పవలసిన జవాబు ఇదేనని నాకు అప్పుడు తట్టింది.

రెండు కరువు పనులు

అయితే మరి అమెరికాలో అధ్యక్షుడు ఒక్కడే గదా అని మిత్రులు అడగవచ్చు. అవును. కానీ అక్కడ ఖజానా తాళం కాంగ్రెస్ దగ్గర ఉంటుంది, రాష్ట్రాలకు సొంత అధికారాలున్నాయి, కోర్టులు అడ్డం తిరగగలవు. అక్కడి నీరుగంటికీ కట్లు ఉన్నాయి. ఆ కట్లు వదులైనప్పుడల్లా ఆ దేశమూ ఇబ్బంది పడుతూనే ఉంది. కాబట్టి చూడవలసింది కుర్చీలో ఎందరు కూర్చున్నారన్నది కాదు. ఆ కుర్చీని ఎవరు అడగగలరు, అడిగినవాడు క్షేమంగా ఇంటికి చేరగలడా అన్నది.

మన జిల్లా చరిత్రలోనే దీనికి రెండు పక్కల కొలత దొరుకుతుంది. 1877లో ఇక్కడ కరువు పని కూలిని ఒక దొర నిర్ణయించాడు, కూలివాడు తలవంచి తీసుకున్నాడు. 2006 ఫిబ్రవరి 2న ఇదే జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్‌సింగ్ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. ఏ ఒక్క నాయకుడూ దయతలచి ఇచ్చింది కాదది. పలు పార్టీలు, ఉద్యమాలు, ఆర్థికవేత్తలు వాదించుకుని, 2005లో పార్లమెంటు చేసిన చట్టం అది. ఏడాదికి కుటుంబానికి 100 రోజుల పని హక్కుగా ఇచ్చింది. ఆ ఏడాదే మన జిల్లాలో సామాజిక తనిఖీలు జరిగాయి. ఊరి నడుమ సభపెట్టి మస్టరు రోల్లోని పేర్లూ, కూలీ మొత్తాలూ పైకి చదివారు. "నాకు అంత రాలేదు" అని కూలి చేసిన ఆడమనిషి లేచి చెప్పగలిగింది. పథకంలో లోపాలు లేవా? ఉన్నాయి. దొంగ మస్టర్లు రాయలేదా? రాశారు. కానీ అవి బయటపడింది కూడా ఆ సభల్లోనే. ధాత కరువులో లేనిది, ఇప్పుడు ఉన్నది ఆ లేచి నిలబడే హక్కు.

మొన్న సెలవులకు పోయినప్పుడు ఆ పెద్దాయన మళ్ళీ కనిపించాడు. ఈ కథలన్నీ నాకు చేతనైనట్టు చెప్పాను. టీ తాగుతూ ఓపిగ్గా విన్నాడు. చివరికి, "అంటే పని చేసేవాడు ఒగడైనా పర్వాల్యా, లెక్క అడిగేవాళ్ళు మాత్రం ఊరంతా ఉండల్ల అంటావు. అంతేనా?" అన్నాడు. నేను ఇన్ని పేజీల్లో చెప్పింది ఆయన ఒక్కమాటలో తేల్చేశాడు. "అంతే చిన్నాయనా" అన్నాను.

"మరి అడిగేవాళ్ళు ఏరీ? మీరు సదువుకున్నోళ్ళే నోరు మెదపరు గదా!" అన్నాడు లేస్తూ.

ఆ ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. మిత్రులారా, అది మనమందరం కలిసి చెప్పవలసిన జవాబు.